చుక్కలు తెల్లగా ఉండాల్సిందేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దుప్పుల గురించే. పులి ఫోటో పంపేవాళ్లు మెచ్చుకోమని పంపుతారు. దుప్పి ఫోటో పంపేవాళ్లు మాత్రం ‘రంగు ఇలా ఎందుకొచ్చింది?’ అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. దుప్పి ఒంటి రంగు గోధుమకీ ఎరుపుకీ నారింజకీ మధ్య ఎక్కడో ఉంటుంది. చుట్టూ ఉన్నదేమో ఆకుపచ్చ. ఒకదాన్ని సరిచేస్తే రెండోది చెడుతుంది. అచ్చు విభాగంలో రంగులు సరిచేసే బల్ల దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్నదాన్ని కాబట్టి నా జవాబుల్లో అంకెల గోల కొంచెం ఎక్కువ ఉంటుంది, సర్దుకోండి.

ప్రశ్న: చెట్ల కింద ఉన్న చుక్కల దుప్పుల మందను తీశాను. కంప్యూటర్‌లో చూస్తే అన్నీ ఆకుపచ్చగా, జబ్బుపడ్డట్టు ఉన్నాయి. వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుని బట్టి ఫోటో రంగులు సరిచేయడం) డ్రాపర్ తీసుకుని ఒంటి మీది తెల్ల చుక్క మీద నొక్కాను. ఆకుపచ్చ పోయింది కానీ దుప్పి గులాబీ రంగుకీ, గడ్డి బూడిద రంగుకీ తిరిగాయి. ఏది అసలు రంగు?

రెండూ కావు. అయితే మీరు వద్దనుకున్న మొదటి ఫోటోనే నిజానికి దగ్గరగా ఉంది.

చెట్టు కింద దుప్పి మీద పడేది నేరుగా వచ్చే ఎండ కాదు, ఆకుల్లోంచి వడకట్టుకుని దిగిన వెలుగు. ఆకులోని పత్రహరితం ఎరుపునీ నీలాన్నీ ఎక్కువగా పీల్చుకుంటుంది, మిగిలిన ఆకుపచ్చ కిందికి దిగుతుంది. కింద గడ్డి ఉంటే అది మళ్లీ అదే రంగును పైకి, దుప్పి పొట్ట మీదికీ గొంతు మీదికీ కొడుతుంది. అంటే ఆ నిమిషంలో ఆ దుప్పి నిజంగానే కొంచెం ఆకుపచ్చగా ఉంది. అక్కడ నిలబడ్డప్పుడు మీకలా అనిపించలేదంటే, మీ మెదడు ఆ వెలుగుకి అలవాటుపడి దాన్ని లెక్కలోంచి తీసేసింది. కెమెరా అలా తీయదు, ఉన్నది ఉన్నట్టు రాసుకుంటుంది.

ఇక చుక్కల సంగతి. వాటిని మనం తెలుపు అంటాం గానీ, ఫోటోని పెద్దది చేసి అంకెలు చూడండి. చాలాసార్లు లేత పసుపు కలిసిన తెలుపే కనిపిస్తుంది. దుమ్ము పట్టినా, మట్టి అంటినా ఇంకా పసుపు. డ్రాపర్‌కి ఇవేవీ తెలియవు. మీరు నొక్కిన చోట ఏ రంగూ ఉండకూడదని నమ్మి, ఆ పసుపును చంపడానికి మొత్తం ఫోటోలో నీలం పోస్తుంది, ఆకుపచ్చను చంపడానికి మెజెంటా (ఊదా కలిసిన గులాబీ) పోస్తుంది. ఆ రెండూ కలిసి గోధుమ రంగు ఒంటి మీద పడితే గులాబీ కాక ఏమవుతుంది? గడ్డికి మెజెంటా సరిగ్గా ఎదురు రంగు, అందుకే అది బూడిదయింది. చుక్క ఒక్కటీ తెల్లబడడానికి అడవంతా మూల్యం చెల్లించిందన్నమాట.

నేను చేసే పద్ధతి చెబుతాను. ముందుగా రా ఫైలు, అంటే సెన్సర్ పట్టినదాన్ని కెమెరా మార్చకుండా దాచే ఫైలు, తీయాలి. జేపెగ్‌లో ఒక్కో రంగు ఛానల్‌కి 256 మెట్లే (0 నుంచి 255 దాకా) ఉంటాయి, 14 బిట్ల రా ఫైల్లో 16,384 ఉంటాయి. టింట్ (ఆకుపచ్చకీ మెజెంటాకీ మధ్య జరిపే స్లైడర్) అటూ ఇటూ జరిపినప్పుడు జేపెగ్ చారలు చారలుగా విరిగిపోవడానికి కారణం అదే. పైగా జేపెగ్‌లో కెమెరా తన వైట్ బ్యాలెన్స్‌ని అప్పటికే కలిపేసి ఉంటుంది.

తర్వాత, కెమెరాలో ఆటో వైట్ బ్యాలెన్స్ తీసేసి 5500 కెల్విన్ (వెలుగు రంగుని కొలిచే అంకె) దగ్గర కట్టేయండి. ఆ అంకె నీడకి సరైనదని కాదు. నీడలో 7000 దాకా కావాల్సి రావచ్చు. నాకు కావలసింది నిలకడ. ఆటోలో పెడితే ఫ్రేములో గడ్డి ఎక్కువైనప్పుడు ఒక రంగు, దుప్పి దగ్గరికొచ్చి ఫ్రేము నిండినప్పుడు ఇంకో రంగు వస్తుంది. అదే దుప్పి, అదే చెట్టు, ఫోటోకో రంగు. కట్టేసి తీస్తే అన్నీ ఒకేలా తప్పుతాయి, ఒకదాన్ని సరిచేసి మిగతావాటికి అంటించేయొచ్చు.

బ్యాగులో ఒక గ్రే కార్డు, అంటే వేరే రంగేమీ కలవని బూడిద అట్ట, ఉంచుకోండి. దుప్పులు వెళ్లాక, లేదా అవి ఉండగానే మీరున్న చోట అలాంటి నీడే ఉంటే, కార్డుని చేయి చాపి పట్టుకుని ఒక ఫోటో తీయండి. డ్రాపర్ నొక్కాల్సింది దాని మీద. అది చూపించిన టింట్ సగం దాకానే వాడండి. కార్డు 30 అడిగితే నేను 15 దగ్గర ఆగుతాను. మొత్తం సరిచేస్తే దుప్పిని స్టూడియోలో తెల్ల లైటు కింద నిలబెట్టినట్టు ఉంటుంది, చెట్టు కింద ఉన్న సంగతే పోతుంది.

ఇంకా కొంచెం ఆకుపచ్చ ఇబ్బంది పెడితే, జంతువు వరకే మాస్కు చేసి (సవరణ అక్కడికే తగిలేలా ఎంచుకుని) మెజెంటా వైపు 5 నుంచి 8 దాకా జరపండి, గడ్డిని ముట్టుకోకండి. సరిచూసుకోవడానికి చుక్కల్ని కాదు, ముక్కు మీద మెరుపు లేని నల్లటి భాగాన్ని చూడండి. అక్కడ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు మూడూ దగ్గరదగ్గరగా, 45, 46, 43 లాగా ఉంటే చాలు. మెరుపు ఉన్న చోట చూడొద్దు. తడి ముక్కు మీద ఆకాశం నీలంగా ప్రతిఫలిస్తుంది.

ప్రశ్న: సాయంత్రం ఎండలో దుప్పి బంగారంలా మెరిసింది. ఫోటోలో మాత్రం వీపంతా పసుపు-నారింజ ముద్దలా ఉంది, వెంట్రుక ఒక్కటీ కనబడదు. హిస్టోగ్రామ్‌లో (చీకటి నుంచి వెలుగు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫు) కుడి అంచు తగలలేదు. మరి ఓవర్ ఎక్స్‌పోజ్ ఎలా అవుతుంది?

మీరు చూసినది తెల్ల హిస్టోగ్రామ్ అయ్యుంటుంది. అది మొత్తం వెలుతురును లెక్కగట్టి చూపిస్తుంది, ఆ లెక్కలో ఆకుపచ్చకే పెద్ద వాటా. కెమెరా మెనూలో ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఉంటుంది, అది పెట్టుకోండి. సాయంత్రపు ఎండ, నారింజ రంగు ఒళ్లు: రెండింట్లోనూ ఎరుపే ఎక్కువ. మిగతా రెండు ఛానళ్లు హాయిగా మధ్యలో ఉండగానే ఎరుపు ఒక్కటి గోడకి గుద్దుకుంటుంది.

గుద్దుకున్నాక ఏమవుతుందో చూడండి. ఎరుపు 255 దగ్గర ఆగిపోయింది, ఇంక పెరగలేదు. వెలుతురు ఎక్కువ ఉన్న చోట ఆకుపచ్చ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఎరుపుకి ఆకుపచ్చ చేరే కొద్దీ పసుపు వస్తుంది. మీ దుప్పి వీపు పసుపు తిరిగింది అందుకే. వెంట్రుకల మధ్య తేడాని చూపించేది ఎక్కువగా ఎరుపు ఛానలే కాబట్టి వెంట్రుకలూ పోయాయి.

రా ఫైలు ఉంటే ఆశ ఉంది. సెన్సర్ మీద ఎరుపు నిజంగా నిండిపోకపోయినా, వైట్ బ్యాలెన్స్ కోసం సాఫ్ట్‌వేర్ ఎరుపుని హెచ్చవేసినప్పుడు గోడ దాటడం చాలా మామూలు. ఎక్స్‌పోజర్ అర స్టాపు, ముప్పావు స్టాపు తగ్గించండి (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగం), శాచురేషన్ తగ్గించండి, హైలైట్స్ కిందికి లాగండి. చాలాసార్లు వెంట్రుకలు తిరిగొస్తాయి. జేపెగ్ ఒక్కటే ఉంటే దాన్ని వదిలేయండి, ఏమీ రాదు.

ఇకమీదట సాయంత్రం తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కకన్నా వెలుతురు పెంచే, తగ్గించే అంకె) మైనస్ 0.7 దగ్గర మొదలుపెట్టండి. వెనక అడవి చీకటిగా ఉంటే మీటర్ ఆ చీకటిని వెలిగించబోయి దుప్పిని కాల్చేస్తుంది, అప్పుడు మైనస్ 1 దాకా వెళ్లాలి. ఇంకో సంగతి, కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్ రా ఫైలుది కాదు, కెమెరా తయారుచేసిన జేపెగ్‌ది. పిక్చర్ స్టైల్ ‘వివిడ్’ లో ఉంటే అది అబద్ధం చెబుతుంది. ‘న్యూట్రల్’ పెట్టుకోండి.

సాయంత్రం కూడా ఆటో వైట్ బ్యాలెన్స్ వద్దు. అది ఆ బంగారు రంగునే లోపం అనుకుని తీసేయబోతుంది.

ప్రశ్న: ఒకే చోట, ఒకే జాతి దుప్పుల్ని వేసవిలోనూ చలికాలంలోనూ తీశాను. ఒకసారి ఎర్రగా, ఇంకోసారి బూడిదగా వచ్చాయి. రెండూ పక్కపక్కన పెడితే ‘ఎడిటింగ్ ఎక్కువైంది’ అంటున్నారు.

అన్నవాళ్లకి దుప్పులు తెలియవు. చాలా జాతులు ఏడాదికి రెండుసార్లు బొచ్చు మార్చుకుంటాయి. రెడ్ డియర్, రో డియర్, తెల్లతోక దుప్పి: మూడూ వేసవిలో ఎర్రటి గోధుమ, చలికాలంలో బూడిద కలిసిన గోధుమ. రో డియర్‌లో అయితే తేడా మరీ స్పష్టంగా ఉంటుంది. వేసవిలో తీసినదీ చలికాలంలో తీసినదీ చూపిస్తే రెండు వేర్వేరు జంతువులనుకుంటారు. ఫాలో డియర్‌లో కాలంతో పనిలేకుండానే మామూలు చుక్కల రంగు, లేత రంగు, దాదాపు నలుపు, తెలుపు రకాలు ఒకే మందలో ఉండొచ్చు. మన చుక్కల దుప్పికి చుక్కలు ఏడాది పొడవునా ఉంటాయి, కానీ మగవాటి ఒళ్లు, ముఖ్యంగా మొహం, ఆడవాటికన్నా ముదురుగా ఉంటుంది. కణితి, అంటే సాంబార్ దుప్పి, ముదురు గోధుమ.

కాబట్టి ‘దుప్పి రంగు’ అని ఒకటి పట్టుకుని ఫోటోలన్నీ దానికి సరిపెట్టడం మానేయాలి. రెండు కాలాల ఫోటోల్నీ ఒకే ఎరుపుకి తెచ్చే ప్రయత్నం ఎవరైనా చేస్తే అదే ఎక్కువ ఎడిటింగ్.

వాన కూడా లెక్కలో ఉంచుకోండి. తడిసిన బొచ్చు ముదురుగా, రంగు గాఢంగా కనిపిస్తుంది. ఎండలో నున్నటి వీపు మీద ఆకాశం మెరుపు పడితే వీపు నీలం-బూడిదగా, పక్కటెముకల వైపు గోధుమగా ఒకే దుప్పి రెండు రంగుల్లో వస్తుంది. ఆ నీలాన్ని బ్రష్ పెట్టి నారింజ చేసేవాళ్లని చూశాను. చేసిన వెంటనే దుప్పి మట్టిబొమ్మ అయిపోతుంది, ఎందుకంటే వీపు గుండ్రంగా ఉందని మనకి చెప్పేది ఆ నీలమే. దాన్ని వదిలేయండి.

ప్రశ్న: శాచురేషన్ ముట్టుకోలేదు మేడమ్, ఒట్టు. అయినా దుప్పి రంగు ఎందుకు అరుస్తోంది?

నమ్ముతున్నాను. కాంట్రాస్ట్ ముట్టుకుని ఉంటారు. మూడు ఛానళ్లకీ కలిపి కర్వ్‌ని ‘ఎస్’ ఆకారంలో వంచితే ఎక్కువ ఉన్న ఎరుపు ఇంకా పైకి, తక్కువ ఉన్న నీలం ఇంకా కిందికి పోతాయి. వాటి మధ్య దూరం పెరగడమంటే శాచురేషన్ పెరగడమే, స్లైడర్ సున్నా దగ్గరే ఉన్నా సరే. డీహేజ్ (పొగమంచు మసక తీసే స్లైడర్) కూడా అంతే, ఇంకా మోటుగా చేస్తుంది. ఫోటోషాప్‌లో అయితే కర్వ్ లేయర్‌ని లూమినాసిటీ మోడ్‌లో (వెలుతురునే మార్చి రంగుని ముట్టుకోనిది) పెట్టండి. ఆ సౌకర్యం లేని చోట కాంట్రాస్ట్ పెంచాక శాచురేషన్‌ని 5 నుంచి 10 తగ్గించండి.

సాఫ్ట్‌వేర్ తెరవగానే వచ్చే ప్రొఫైల్‌ని కూడా ఒకసారి చూడండి. ‘వివిడ్’, ‘ల్యాండ్‌స్కేప్’ లాంటివి ఉంటే న్యూట్రల్‌కో స్టాండర్డ్‌కో మార్చి మొదలుపెట్టండి. స్లైడర్లన్నీ సున్నాలో ఉన్నాయంటే ఫోటో ఎడిట్ కాలేదని అర్థం కాదు.

రంగుల వారీగా సవరించే స్లైడర్ల గురించి ఒక మాట. గడ్డి ఆకుపచ్చగా ఉంది కదా అని అందరూ ‘గ్రీన్’ పట్టుకుని లాగుతారు, ఏమీ జరగదు. సాఫ్ట్‌వేర్ లెక్కలో గడ్డి ఎక్కువగా ‘ఎల్లో’ లో ఉంటుంది. దుప్పి ‘ఆరెంజ్’ లో ఉంటుంది, ఎర్రటి బొచ్చయితే కొంత ‘రెడ్’ లో కూడా. ఎండిన గడ్డి వెనక ఉంటే పెద్ద చిక్కు. అది కూడా ‘ఎల్లో’ కీ ‘ఆరెంజ్’ కీ మధ్యే ఉంటుంది కాబట్టి దుప్పికి చేసింది గడ్డికీ తగులుతుంది. అప్పుడు మాస్కు లేకుండా ఏమీ చేయకండి.

ప్రశ్న: ఐఎస్‌వో 6400 లో తీసిన కణితి ఫోటోని కాస్త వెలిగిస్తే మెడ కింద నీడలు ఊదా రంగులోకి వస్తున్నాయి. నాయిజ్ తగ్గిస్తే బొచ్చు ప్లాస్టిక్‌లా అవుతోంది.

చీకటిగా తీసి కంప్యూటర్‌లో వెలిగించడం వల్ల వచ్చిన చిక్కు ఇది. నీడల్లో సెన్సర్‌కి అందిన వెలుతురు చాలా తక్కువ. అక్కడ ఎరుపు, నీలం ఛానళ్లలో సమాచారం కన్నా గోలే (నాయిజ్, అంటే ఇసుక చల్లినట్టుండే మచ్చలు) ఎక్కువ. వాటిని హెచ్చవేస్తే రెండూ కలిసి ఊదా అవుతాయి. 3200 లో తీసి ఒక స్టాపు వెలిగించేకన్నా 6400 లో సరిగ్గా వెలుతురు పట్టి తీయడం మేలు. ఐఎస్‌వో అంకెకి భయపడి చీకటి ఫోటోలు తీయకండి.

వెలుతురు తెచ్చుకునే ఇంకో దారి షట్టర్. దుప్పి పరుగెడుతుంటే షట్టర్ వేగం సెకనులో 1/1000 కన్నా తగ్గకూడదు, 1/2000 అయితే ఇంకా మంచిది. కానీ కణితి తెల్లవారుజామున కదలకుండా నిలబడి చెవులు మాత్రమే తిప్పుతుంటే, లెన్సులో స్టెబిలైజేషన్ ఉంటే, 1/250 సరిపోతుంది. 1/1000 నుంచి 1/250 కి వస్తే రెండు స్టాపులు. అంటే 6400 బదులు 1600.

ఎడిటింగ్‌లో కలర్ నాయిజ్‌ని ధారాళంగా తగ్గించండి, దాంతో బొచ్చుకి నష్టం లేదు. లూమినన్స్ నాయిజ్‌ని (వెలుతురులోని గరుకుని) మాత్రం కొంత ఉంచండి. మెడ కింది నీడలో ఊదా ఇంకా మిగిలితే అక్కడివరకు మాస్కు వేసి శాచురేషన్ తగ్గించి, ఆ నీడని నీడగానే ఉండనివ్వండి. కణితి మెడ కింద పగలు కూడా చీకటే.

ప్రశ్న: దుప్పులకి రంగులు కనబడవంటారు కదా, నీలం చొక్కా వేసుకుని వెళ్లొచ్చా?

నీలమే వద్దు. 1994లో తెల్లతోక దుప్పి, ఫాలో డియర్ కళ్ల మీద చేసిన పరీక్షల్లో రంగుని పసిగట్టే కణాలు రెండు రకాలే ఉన్నాయని తేలింది. ఒకటి నీలానికి, ఇంకోటి ఆకుపచ్చ ప్రాంతానికి. మనకున్న మూడో రకం, ఎరుపుని విడదీసేది, వాటికి లేదు. అందుకే ఎరుపు, నారింజ చొక్కాలు వాటికి ఆకుల్లో కలిసిపోతాయి, నీలం మాత్రం బాగా తెలుస్తుంది. ‘తెల్లని తెలుపు’ కోసం సబ్బు పొడుల్లో కలిపే మెరుపు రసాయనాలు కూడా అతినీలలోహిత కాంతిని నీలంగా మార్చి వదులుతాయి, కాబట్టి అడవి బట్టల్ని మామూలు సబ్బుతో ఉతకండి.

అయితే చొక్కా రంగు గురించి ఇంత టెన్షన్ పడేవాళ్లు గాలి సంగతి మర్చిపోతారు. గాలి మీ వీపు నుంచి దుప్పి వైపు వీస్తుంటే ఏ రంగు వేసుకున్నా ఒకటే, అది మిమ్మల్ని వాసన పట్టేసింది. పక్కలకి ఉన్న కళ్లతో చుట్టూ దాదాపు 300 డిగ్రీలు చూస్తుంది, చిన్న కదలికనీ పట్టుకుంటుంది. తల ఎత్తి రెండు చెవులూ మీ వైపు తిప్పిందంటే ఆగిపోండి. ముందుకాలు నేలకేసి కొట్టినా, తోక లేపినా మీరు ఎక్కువ దగ్గరికి వచ్చేశారు. వెనక్కి తగ్గండి. మేత మానేసి మిమ్మల్నే చూస్తున్న దుప్పి ఫోటోలు ఇప్పటికే లోకంలో కావలసినన్ని ఉన్నాయి.

ప్రశ్న: నా దగ్గర 70-300 లెన్సు ఒక్కటే ఉంది. దుప్పి చిన్నగా వస్తోంది.

రానివ్వండి. చిన్న సెన్సర్ కెమెరా అయితే ఆ 300 మీకు 450 లా పనిచేస్తుంది, అది తక్కువేమీ కాదు. ఫ్రేములో పదో వంతు దుప్పి, మిగతాదంతా అది బతికే చోటు ఉన్న ఫోటోలు నాకు మొహం నిండిన ఫోటోలకన్నా ఇష్టం. రంగు విషయంలోనూ లాభమే. చుట్టూ ఉన్న గడ్డి, మట్టి, ఆకాశం కనిపిస్తుంటే దుప్పి రంగు సరిగ్గా ఉందో లేదో చూసేవాళ్లకి ఇట్టే తెలుస్తుంది, మీకూ తెలుస్తుంది.

ప్రశ్న: లాప్‌టాప్‌లో చక్కగా ఉన్న ఫోటో ఫోన్లో ఎర్రగా, స్నేహితుడి ఫోన్లో చప్పగా కనిపిస్తోంది. ఎవరి తెరని నమ్మాలి?

ఎవరిదీ నమ్మకండి, మీది సరిచేసుకోండి. ముందు రాత్రిపూట తెరని పసుపు చేసే నైట్ మోడ్ ఆపేయండి. ఈ ప్రశ్న రాసేవాళ్లలో సగం మంది జబ్బు అదే. పసుపు తెర మీద ఎడిట్ చేస్తే మీకు తెలియకుండానే నీలం కలుపుతారు. తెర వెలుగు కూడా పూర్తిగా పెంచొద్దు. ఎక్కువ వెలుగుతున్న తెర మీద ఎడిట్ చేసిన ఫోటో అచ్చులో నల్లగా వస్తుంది. కాలిబ్రేషన్ పరికరం ఎవరిదైనా దొరికితే 6500 కెల్విన్, గామా 2.2, వెలుగు చదరపు మీటరుకి 100 నుంచి 120 క్యాండెలాలు అని పెట్టుకోండి.

స్నేహితుడి ఫోన్లో చప్పగా ఉండడానికి వేరే కారణం ఉండొచ్చు. ఫోటోని అడోబీ ఆర్‌జీబీలో సేవ్ చేసి పంపి ఉంటారు. ఆ రంగుల పరిధి పెద్దది, దాన్ని అర్థం చేసుకోని యాప్‌లో తెరిస్తే రంగులు చప్పబడతాయి. తెరల మీద చూపించడానికి ఎప్పుడూ ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి, ఆ రంగుల ప్రొఫైల్ కూడా ఫైలులోనే ఉండేలా పంపండి. 1996 నుంచి ఉన్న పాత ప్రమాణమే అయినా అన్ని తెరలకీ తెలిసిన భాష అదొక్కటే. ఫోన్లో ఎర్రగా కనిపించడానికి మాత్రం చాలా ఫోన్లు తెరని మొదటినుంచీ ‘వివిడ్’ లో పెట్టి అమ్మడమే కారణం. సెట్టింగుల్లో ‘నేచురల్’ ఉంటే మార్చుకోండి. స్నేహితులందరి ఫోన్లూ మార్చలేం కదా, అక్కడితో వదిలేయండి.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నాను మేడమ్. పోటీకి పంపే ఫోటోలో దుప్పి కంటికి అడ్డంగా ఒక పుల్ల ఉంది. తీసేయొచ్చా?

పోటీకి అయితే తీయకు. ప్రకృతి ఫోటోల పెద్ద పోటీలన్నీ రంగు, వెలుతురు సర్దుకోవడానికి ఒప్పుకుంటాయి, ఫ్రేములో ఉన్న వస్తువుని తీయడానికీ లేనిదాన్ని పెట్టడానికీ ఒప్పుకోవు. చివరి దశకి వచ్చాక రా ఫైలు అడిగి పోల్చి చూస్తాయి. వార్తా ఫోటోలకి పెట్టే 2015 వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో చివరికి ముందు దశ దాకా వచ్చినవాటిలో దాదాపు 20 శాతం ఇలాంటి సవరణల వల్లే పోయాయి. వాటిలో కొన్నిట్లో వస్తువుల్ని తీయలేదు, నీడల్ని పూర్తి నలుపు చేసి అందులో ఉన్నవాటిని మాయం చేశారు. అది కూడా తీసేయడం కిందే లెక్క. కాబట్టి పుల్లని చీకటి చేసి దాచే ఆలోచన ఉంటే అదీ మానుకో.

సెన్సర్ మీది దుమ్ము చుక్కని తుడవొచ్చు, అది అడవిలో లేదు. ఇంట్లో గోడకి పెట్టుకోవడానికైతే నీ ఇష్టం. ఆ పుల్ల ఉన్న ఫోటో ఒకటి నాకు పంపు. చాలాసార్లు పుల్ల కంటికి కాదు, తీసినవాళ్లకే అడ్డంగా ఉంటుంది.

ప్రశ్న: రాత్రి ఫ్లాష్ వేస్తే దుప్పి కళ్లు ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. ఆ రంగు తీసేదెలా?

ఫ్లాష్ తీసేయండి. కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, తక్కువ వెలుతురుని రెండోసారి వాడుకోవడానికి. అంత సున్నితమైన కంట్లోకి అంత వెలుగు కొట్టి, తర్వాత దాని రంగు బాగాలేదనడం నాకు నచ్చదు.

ప్రశ్న: గడ్డిలో ఒంటరిగా పడుకున్న దుప్పి పిల్ల దొరికింది. తల్లి లేదు. దగ్గరగా చాలా ఫోటోలు తీశాను. పిల్ల రంగుల గురించి ఏమైనా సలహా?

రంగు సలహా లేదు. తల్లి ఉంది. పుట్టిన కొత్తలో పిల్లని గడ్డిలో దాచి, తను దూరంగా మేసి, పాలివ్వడానికి వస్తుంది. చాలా దుప్పి జాతుల పద్ధతి అదే. కదలకుండా పడుకోవడమే దానికున్న రక్షణ. మీరు అక్కడ ఉన్నంతసేపూ తల్లి రాలేదు. ఈసారి కనిపిస్తే ముట్టుకోకుండా, ఉన్న దూరం నుంచే ఒకటి తీసుకుని వెంటనే వచ్చేయండి.

ప్రశ్న: మీ ప్రీసెట్ (ఒక్క నొక్కుతో ఫోటోకి వేసే సిద్ధం చేసిన సవరణలు) అమ్ముతారా?

లేదండీ. పొద్దున మంచులో నిలబడ్డ దుప్పికీ మధ్యాహ్నం చెట్టు కింద ఉన్న దుప్పికీ ఒకే మందు పనిచేయదు. మీకు కావాలంటే ఇది రాసి పెట్టుకోండి. ఫోటో తీసిన వెంటనే ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి రికార్డు చేయండి: ఎండా నీడా, గడ్డి పచ్చగా ఉందా ఎండిందా, బొచ్చు తడిగా ఉందా, గొంతు కింది తెలుపు మీ కంటికి ఎలా కనిపించింది. వారం తర్వాత ఎడిటింగ్‌కి కూర్చున్నప్పుడు గుర్తున్న రంగు మీద ఆధారపడొద్దు. గుర్తున్న రంగు ఎప్పుడూ అసలుకన్నా గాఢంగానే ఉంటుంది.

ప్రశ్న: పెద్ద కొమ్ముల మగ కణితి ఫోటో నెట్‌లో పెడుతున్నాను. ఏ చోట తీశానో రాయాలా?

అడవి పేరు చాలు, వాగు పేరు, కుంట పేరు వద్దు. కొమ్ముల కోసం వెతికేవాళ్లూ అవే పేజీలు చూస్తారు. మీరు రాయకపోయినా కెమెరాలో జీపీఎస్ ఉంటే ఫోటో లోపల అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లొకేషన్ సమాచారం తీసేయమనే బాక్సు కనిపిస్తుంది, దానికి టిక్ పెట్టి అప్పుడు పెట్టండి.